ఒక్కసారే కనిపించిన తప్పు

అత్తలు కోడళ్లలో తప్పులు వెతకడం లోకంలో ఉన్నదే. మా ఇంట్లో మాత్రం తప్పులు వెతికే ఉద్యోగం కోడలిది. పైగా దానికి జీతం కూడా. ఇన్నేళ్లు నేను ఉత్తపుణ్యానికి చేసిన పని!

కంప్యూటర్లో నడిచే ప్రోగ్రాములు బయటికి పోకముందే వాటిని పరీక్షించాలి. ఆ పని చేసేవాళ్లను టెస్టరు అంటారు. వండేవాళ్లు ఒకరు, ఉప్పు చూసేది ఈవిడ. వయసు అడిగిన చోట ఇంటి నంబరు కొడుతుంది. నొక్కొద్దన్న చోటే పదేపదే నొక్కుతుంది. జనం చేయబోయే తిక్క పనులన్నీ ముందు తనే చేసి చూడాలట. తలలో పేలు దువ్వినట్టు దువ్వుతుందని ఆఫీసులో ఆమెకు 'దువ్వెన' అని పేరు పెట్టారు. అది విని నేను పడీపడీ నవ్వాను.

"పేలున్న తలకే అత్తయ్యా, దువ్వెన మీద కోపం" అంది తను, నవ్వకుండా.

వాళ్ల కంపెనీ ఆసుపత్రుల కోసం ఒక ప్రోగ్రాం చేసింది. మంచం మీద రోగికి వైర్లు అంటిస్తారు. గుండె ఎన్నిసార్లు కొట్టుకుంటుందో నర్సు బల్ల మీది తెరలో, రోగి పేరు కింద పడుతుంది. అంకె పడిపోతే గంట మోగుతుంది, నర్సు పరిగెత్తుతుంది.

ఈమధ్య ఆ పరీక్షలు కూడా యంత్రానికే అప్పజెప్పారు. ఏఐ అంటారు. ప్రశ్నలు అదే రాసుకుంటుంది, జవాబులు అదే చెప్పుకుంటుంది, మార్కులూ అదే వేసుకుంటుంది. అలాంటి బడి నా చిన్నప్పుడు ఉండుంటే నేనూ పెద్ద చదువులు చదివేదాన్ని. అది వచ్చాక టెస్టర్లలో చాలామందిని ఇళ్లకు పంపేశారు. మా కోడలు మిగిలింది.

ఒక మధ్యాహ్నం ఆమె తెర మీద ఒక రోగి పేరు తీసి, అదే మంచానికి ఇంకో పేరు పెట్టింది. పేరు మారింది. కింద గుండె అంకె మాత్రం పాత మనిషిదే నిలబడిపోయింది. రెప్పపాటు. తర్వాత సర్దుకుంది. మళ్లీ అలాగే చేసింది, రాలేదు. యంత్రం చేత వేలసార్లు చేయించారు, తప్పేమీ లేదని అన్నీ పచ్చ గుర్తులే. కానీ ఆమె అప్పటికే ఆ తప్పును ఆఫీసు కంప్యూటర్లోకి ఎక్కించేసింది. అలా ఎక్కిన తప్పును, ఇక లేదని ఎవరో ఒకరు తన పేరు పెట్టి మూస్తేగానీ సరుకు బయటికి పోదు. మూయాల్సింది ఈమే.

మేనేజరు మంచిగానే అడిగాడు.

"మేడమ్, మళ్లీ రాని తప్పును ఎలా బాగుచేయమంటారు?"

"తెలీదు సార్."

"మీ కళ్లు అలిసిపోయి ఉంటాయి."

"అయ్యుండొచ్చు."

"మరి మూసేయండి."

"అయ్యుండొచ్చు అన్నాను సార్. అయ్యిందనలేదు."

ఇంటికొచ్చి కంచం ముందు కూర్చుంది. మెతుకు ముట్టలేదు. నా కొడుకు విసుక్కున్నాడు.

"ఆఫీసంతా ఒక మాట, నువ్వొక్కదానివీ ఒక మాటా? రేపు నిన్నూ పంపేస్తే?"

నేను ఊరుకోలేకపోయాను. "ఒరేయ్, ఇంట్లో పాము ఒక్కసారే కనిపించిందనుకో. మళ్లీ కనిపించలేదని చాప పరుచుకుని పడుకుంటావా?"

"అది పామో తాడో తేలాలి కదమ్మా!"

నేను కోడలి కంచం మీద మూత పెట్టాను.

మర్నాడు కోడలు నన్ను ఆఫీసుకు తీసుకెళ్లింది. పరీక్షలకు వాడే బొమ్మ గుండె ఒకే తాళంలో కొట్టుకుంటుందట, నిజం మనిషి కావాలంది. కిటికీ లేని గది, చక్రాల మంచాలు రెండు. ఒకదాని మీద నేను. రెండోదాని మీద ఆ ప్రోగ్రాం రాసిన అబ్బాయి, ముఖం మాడ్చుకుని.

"పెద్దమ్మా, కాస్త కదలకుండా పడుకోండి" అన్నాడు.

"కదలకుండా పడుకునే రోజు ఎలాగూ వస్తుంది నాయనా. తొందరేముంది?"

ఆమె మంచాలు అటూ ఇటూ తోసింది. పేర్లు మార్చింది, వైర్లు పీకింది, మళ్లీ పెట్టింది. తెర మీద నా పేరు, దాని కింద అంకె. నేనది చూస్తూ పడుకున్నాను. అక్కడ ఆడేది ఈ కుర్రాడి గుండె అయితే నాది ఆగిపోయినా గంట మోగదు. నర్సు కుర్చీలోంచి లేవదు. అంతవరకు నాకు అదంతా వాళ్ల ఆఫీసు గొడవే. అప్పుడు మాత్రం ఆ కుర్రాడు చెప్పినట్టే కదలకుండా పడుకున్నాను.

పొద్దు వాలేదాకా తోసింది. ఆ తప్పు రాలేదు.

మేనేజరు వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు.

"నేను మూయలేను సార్" అంది కోడలు. "చూశాను కదా. మూయాలంటే మీ పేరుతో మూసుకోండి."

అతను చెడ్డవాడేం కాదు. అతని నెత్తి మీద ఇంకొకడు, వాడి నెత్తి మీద మరొకడు. లోపలికొచ్చి ఆమె కుర్చీలో కూర్చున్నాడు. 'మళ్లీ కనిపించలేదు' అని రాసి, తన పేరు పెట్టి మూసేశాడు. ఎవరూ అరుచుకోలేదు. ఆ కుర్రాడే నా వైర్లు మెల్లగా తీశాడు.

సరుకు బయటికి పోయింది. ఆసుపత్రులు కొన్నాయి. కోడలి ఉద్యోగం పోలేదు గానీ, యంత్రం రాసిన పరీక్షలు చదివే మూలకు మార్చారు. ఇప్పటిదాకా ఏ చెడ్డ కబురూ రాలేదు. వచ్చుంటే మీరు గెలిచినట్టు కదా అని ఆఫీసులో ఎవరో ఎగతాళి చేశారట. ఆమె ఆ పూట కూడా అన్నం తినలేదు.

మొన్న వానల్లో నాకు ఊపిరాడక ఆసుపత్రిలో చేర్చారు. అక్కడా నర్సు బల్ల మీద అదే తెర, నా మంచానికి ఎదురుగానే. కోడలు పక్కన కూర్చుని నా మణికట్టు మీద వేళ్లు పెట్టింది. కాపురానికి వచ్చిన ఇన్నేళ్లలో నా చెయ్యి పట్టుకోవడం అదే మొదలు. తెర వైపు చూస్తూ పెదాలతో లెక్కపెడుతోంది.

"తెర మీద కనిపిస్తోంది కదండీ, చెయ్యెందుకు?" అంది నర్సు.

"ఊరికే" అంది కోడలు. వేళ్లు తీయలేదు.

"ఎంతుందే?" అని అడిగాను.

"అంకె మీదే అత్తయ్యా" అంది.