పెద్దమ్మ లాండ్రీలో ఖాకీ జత

మా పెద్దమ్మకు లాండ్రీ ఉంది. ఉందంటే పెద్ద కొట్టేం కాదు. ముందు ఇస్త్రీ బల్ల, గోడ పొడవునా తీగకు వేలాడే బట్టలు, వెనక ఒక గది. పట్నంలో పనులకొచ్చి చెల్లాచెదురైన మా కొండవాళ్లంతా ఆదివారం పొద్దున ఆ గదిలోనే కలుస్తారు. మా కొండను గనికి ఇచ్చేయాలని సర్కారు చూస్తోంది. వద్దనేవాళ్లు నెలాఖరున విచారణకు వచ్చి నోటితో చెప్పాలి. ఎవరూ రాకపోతే ఒప్పుకున్నట్టే.

సరిగ్గా అప్పుడే ఎదురు అరుగు మీద ఒకతను తేలాడు. చారల చొక్కా, చేతిలో ఫోను. లోపలికెళ్లే ప్రతివాళ్లనీ ఫొటో తీసేవాడు. అడిగితే, "అద్దెకి ఇల్లు చూస్తున్నానండీ" అన్నాడు.

మఫ్టీలో ఉన్న పోలీసేమోనని మావాళ్లు బెదిరిపోయారు. మా మేస్త్రీ బాబాయి అయితే, "నా పేరు వాళ్ల దగ్గరికెళ్తే రేపు నాకు పనెవడిస్తాడు వదినా?" అని రావడమే మానేశాడు. ఆ ఆదివారం గదిలో పెద్దమ్మ, నేను, గోడమీద బల్లి.

"బల్లైనా వచ్చిందే, నయం" అని నవ్వింది పెద్దమ్మ.

పై ఆదివారం ఎండ మాడ్చేస్తోంది. చారల చొక్కాయన తనే వచ్చి మంచినీళ్లడిగాడు. ఏ ఇంటి బట్టలు ఆ ఇంటికి చేరాలని పెద్దమ్మ కాలరు లోపల రంగు దారంతో గుర్తు కుడుతుంది. అతను తలెత్తి నీళ్లు తాగుతుంటే కాలరు తిరగబడింది. పచ్చదారం, మూడు కుట్లు. ఆ గుర్తున్న మూటలో ప్రతివారం ఒక ఖాకీ జత కూడా వస్తుంది. తన బట్టలు ఎక్కడ ఉతుకుతారో ఆ మగమహారాజుకు తెలిస్తేగా!

"ఇల్లు దొరికిందా నాయనా?"

"ఇంకా లేదమ్మా."

"మీ ఇల్లు నాకు తెలుసులే. మీ ఆవిడ బట్టలు పంపేది నాకే." తీగ మీంచి ఖాకీ జత దించి అతని చేతుల్లో పెట్టింది. "ఎలాగూ వచ్చావుగా, పట్టుకుపో. మడత నలిగిందంటే మీ ఆవిడ నన్ను తిడుతుంది."

అతనికి మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. "నాదేముందమ్మా, పైవాళ్లు చూడమన్నారు, చూస్తున్నా."

"చూడు, కాదన్నానా? పేర్లు కావాలంటే నా పేరే ముందు రాసుకో. మేమేం గుసగుసలాడటం లేదు. ఇక్కడ అనుకునేదే రేపు విచారణలో మీ ఆఫీసర్ల ముందు మైకులో అంటాం."

పసిబిడ్డను ఎత్తుకున్నట్టు ఖాకీ జతను రెండు చేతుల మీదా పెట్టుకుని అతను వీధి దాటాడు. రావాలా వద్దా అని మలుపులో తచ్చాడుతున్న బాబాయి అది చూశాడు. పొట్ట పట్టుకుని నవ్వుతూ లోపలికొచ్చాడు.

"వదినా, ఇన్నాళ్లూ ఇతనికా నేను భయపడింది?"

"అతనికి కాదయ్యా, ఖాకీకి. దాన్ని నేను వారం వారం పిండి ఆరేస్తున్నా."

బాబాయి మళ్లీ బయటికెళ్లి, మలుపులో ఆగిపోయిన మిగతావాళ్లను వెంటబెట్టుకొచ్చాడు.

అతను ఫొటోలు తీయడం మానలేదు. విచారణ రోజున కూడా హాలు చివర ఫోను పట్టుకుని నిలబడ్డాడు. ముందు ఎవరు మాట్లాడతారని ఆఫీసరు అడిగాడు. పెద్దమ్మ లేవబోయింది. అంతకంటే ముందే బాబాయి లేచాడు. వెనక్కి తిరిగి, ఫోను వైపే చూస్తూ, తన పేరు గట్టిగా చెప్పాడు.