హుష్ మెకానిక్ చెవి

మా అక్క మొగుడు ఫ్రిజ్‌లు బాగుచేస్తాడు. పేటలో ఆయన అసలు పేరు ఎవరికీ గుర్తులేదు, అందరికీ ‘హుష్ మెకానిక్’. ఏ ఇంటికి వెళ్ళినా సంచీ కింద పెట్టకముందే పెదాల మీద వేలు పెట్టి, "హుష్! అన్నీ ఆపేయండి" అంటాడు. టీవీ, సీలింగ్ ఫ్యాను, మిక్సీ, ఆ ఇంటి ముసలాయన దగ్గు, అన్నీ ఆగాలి. అప్పుడు ఫ్రిజ్‌కు చెవి ఆనించి, కళ్ళు మూసుకుని, పెద్ద డాక్టరుకు కూడా లేనంత టెక్కు ఒలకబోస్తాడు.

అబద్ధమెందుకు, పనిలో మాత్రం దిట్ట. బుడబుడమంటే లోపల గ్యాస్ తిరుగుతున్నట్టు, భయం లేదు. గడగడలాడితే కాళ్ళు సమంగా లేవు, లేదా గోడకు మరీ ఆనించారు. టక్కుమని, కాసేపాగి మళ్ళీ టక్కుమంటే కంప్రెసర్ మొదలవలేక అవస్థ పడుతోంది, దాన్ని స్టార్టు చేసే రిలే మార్చాలి. లోపల గరగరమంటే ఫ్యాను రెక్కలకు మంచు తగులుతోంది. ఇవన్నీ చెవితోనే తేల్చేవాడు.

ఆ చెవి కోసం బలైంది మా అక్క నోరు. వాళ్ళ ముందుగదిలో రిపేరుకొచ్చిన ఫ్రిజ్‌లు ఎప్పుడూ మూలుగుతూ ఉంటాయి. అక్క "ఏవండీ" అనడమే పాపం, ఈయన "హుష్!" పెళ్ళైన దగ్గర్నుంచీ ఇదే భాగోతం. "ఫ్రిజ్ గొంతు విన్నంత శ్రద్ధగా పెళ్ళాం గొంతు వింటే నీ సొమ్మేం పోయింది బావా?" అని ఎన్నిసార్లు దెప్పానో. నవ్వేసేవాడు.

మొన్న మా ఫ్రిజ్ గోల మొదలుపెట్టింది. కబురు పెడితే బావ అక్కతో కలిసి వచ్చాడు. గుమ్మంలోనే "హుష్! అన్నీ ఆపేయండి" అన్నాడు. అన్నీ అన్నాడు కదా అని నేను కంగారులో చేతికి దొరికిన ప్లగ్గునల్లా పీకేశాను. బావ చెవి ఆనించాడు. చాలాసేపు విన్నాడు. తల పంకించాడు.

"టక్కుటక్కుమంటోంది, విన్నావా మరదలా? రిలే పోయింది. మార్చేద్దాం."

అప్పుడు చూసుకున్నాను. ఫ్రిజ్ ప్లగ్గు నా చేతిలోనే ఉంది.

నవ్వు పొట్టలోంచి తన్నుకొచ్చింది. ఇన్నేళ్ళకు దొరికావు బావా అనుకుంటూ అక్క వైపు చూశాను. అక్క ముఖం పాలిపోయి ఉంది. ఆయన చెవి పోయిందని ఆమెకు ముందే తెలుసన్నమాట! అందుకే ఈమధ్య ప్రతి ఇంటికీ వెంట తిరుగుతోంది. ఈ సంగతి పేటలో పొక్కితే బావను మళ్ళీ పనికి పిలిచేదెవరు? నవ్వు ఆపేసుకున్నాను. ఇంత జరిగితే తోడబుట్టినదానికి ఒక్క ముక్క చెప్పలేదేమని అక్క మీద ఒళ్ళు మండింది కూడా.

అక్క నా చేతిలోంచి ప్లగ్గు లాక్కుని గోడకు గుచ్చి స్విచ్ వేసింది. ఫ్రిజ్ గరగరమని అందుకుంది.

"రిలే కాదండీ," అంది ఆయన ముఖానికి ఎదురుగా నిలబడి, గట్టిగా. "ఫ్యానుకు మంచు తగులుతోంది."

అలవాటు కొద్దీ బావ వేలు పెదాల దాకా వెళ్ళింది. అంతలో అక్క చెయ్యి ఇంకా స్విచ్ మీదే ఉండటం చూశాడు. నా మొహం చూశాడు. ఇందాక తను చెవి ఆనించింది ఆగిపోయిన ఫ్రిజ్‌కని అర్థమైనట్టుంది, వేలు దించేశాడు. ఫ్రీజర్ లోపలి పలక విప్పాడు. రెక్కల చుట్టూ మంచు గడ్డకట్టుకుపోయి ఉంది. తలుపు రబ్బరు ఓ మూల వదులై బయటి గాలి దూరుతోందట. కరెంటు ఆపి మంచు కరగనిచ్చాడు, రబ్బరును వేడినీళ్ళ గుడ్డతో మెత్తబరిచి సరిగ్గా అతుక్కునేలా సర్దాడు. చేతులకు మాత్రం ఏ లోటూ రాలేదు.

మంచు కరిగేలోగా అక్కను పక్కకు లాగి అడిగాను. "ఈ శబ్దాలన్నీ నీకెలా తెలుసే?"

"మాట్లాడనిస్తే కదా! నోరు మూసుకు కూర్చున్నదానికి వినడం తప్ప ఇంకేం పని?"

అంతా బిగించాక బావ స్విచ్ వేసి "హుష్!" అన్నాడు. ఈసారి ఆయన చెవి ఆనించలేదు. అక్క వైపు తిరిగాడు.

"నువ్వు చెప్పు," అన్నాడు.

అక్క కళ్ళు తుడుచుకుంది. ఫ్రిజ్ బాగానే ఉందని చెప్పింది. ఇక ఆపలేదు, పెళ్ళైన నాటి నుంచీ మింగిన మాటలన్నీ చెప్పడం మొదలుపెట్టింది. బావ ఆమె పెదాల మీంచి చూపు తిప్పకుండా నిలబడ్డాడు.