డొల్ల మోత

గట్టయ్యకు సిద్ధాంతం లేదని గోదావరిఖనిలో ఎవరిని అడిగినా చెబుతారు. నిజమే పాపం! ఆయన ఇంటి దండెం మీద అన్ని యూనియన్ల కండువాలూ పక్కపక్కనే ఆరుతుంటాయి. ఎవరు పిలిచినా వెళ్తాడు, ఎవరు బిర్యానీ పెట్టినా తింటాడు. సిద్ధాంతమంతా గట్టయ్య పనిచేసే బొగ్గుగని యూనియన్ లీడర్ భూపాల్ దగ్గరే ఉంది. "పానం పోయినా రాజీ వడం!" అని గేటు మీటింగుల్లో ఆయన అరిస్తే కాకులు లేచిపోయేవి. ఎవరి ప్రాణమో మాత్రం చెప్పేవాడు కాదు.

గనిలో పైకప్పు కొట్టి చూడటం గట్టయ్య పని. ఇనుప కడ్డీతో కొడితే ఖంగుమనాలి. డొల్లగా మోగిందా, కింద నిలబడకూడదు. ముప్పై ఏళ్లలో మోకాళ్లు అరిగిపోయాయి. రిటైరయ్యేలోగా సర్ఫేస్ డ్యూటీ, అంటే గని పైన వెలుతురులో కూర్చునే పని, దొరకాలని ఆయన మొక్కని దేవుడు లేడు.

యూనియన్ ఎన్నికలు పది రోజులున్నాయనగా ఒకచోట కప్పు డొల్లగా మోగింది. కిందికి ఎవరూ పోవద్దని గట్టయ్య సుద్దతో ఇంటూ గుర్తు గీశాడు. ఆరుగురు పనివాళ్లు వెనక్కి వచ్చేశారు. భూపాల్ ఉరికొచ్చాడు.

"ఏంది కాకా గిది? బొగ్గు తగ్గితే బోనస్ పోతది, బోనస్ పోతే ఓట్లు పోతయ్. ఆ ఇంటూ తుడువు. సర్ఫేస్ కాయితం రేపే తెస్త."

"కూలితేనో?"

"గిన్నేండ్లు కూలంది పది దినాలల్ల కూలుతదా? రాజకీయమన్నంక పట్టువిడుపులుండాలె."

అబద్ధమెందుకు, గట్టయ్యకు ఆశ పుట్టింది. తుడవడానికి తువ్వాల కూడా తీశాడు.

"సరే బిడ్డా. నా ఎంబడి దిగు. ఆ కప్పు కింద నిలవడి మంచిగున్నదను, తుడుస్త."

భూపాల్ వాచీ చూసుకున్నాడు. "పెద్దపల్లిల మీటింగున్నది కాకా."

గట్టయ్య తువ్వాల భుజాన వేసుకున్నాడు. సర్ఫేస్ కాయితం భూపాల్ బామ్మర్దికి పోయింది. కడుపు మండి గట్టయ్యకు మూడు రోజులు అన్నం సయించలేదు. నాలుగో నాడు కప్పు కూలింది. కింద పురుగు కూడా లేదు.

మర్నాడు గేటు మీటింగులో భూపాల్ గుండె మీద చెయ్యేసుకున్నాడు. "మా యూనియన్ కొట్లాడినందుకే ఆరుగురి పానాలు దక్కినయ్!"

ఆ ఆరుగురిలో ఒకడైన సదానందం పళ్లు కొరికాడు. "గింత అబద్ధమా! నువ్వన్న చెప్పు కాకా!"

"చెప్పుడెందుకురా, సప్పట్లు కొట్టు," అన్నాడు గట్టయ్య. "కొట్టెటందుకు చేతులున్నయ్ గద."