పంటితో తెంచిన నూలు

నూలుకు కరువొచ్చిన యుద్ధం రోజులవి. మా మామగారు నగరిలో పంచెలు నేసేవారు. కోడల్ని, నేను కత్తెర ఇచ్చినా పక్కన పెట్టి, నూలు పంటితోనే తెంచేవారు.

ఓ ఉదయం మగ్గం మీది పెళ్ళి పంచెకు నెత్తురు చుక్క అంటింది. నేను చూశానని చప్పున చెయ్యి అడ్డం పెట్టారు.

"ఎన్నాళ్ళ నుంచి మామా?"

"వేపపుల్లేస్తే నెత్తురొస్తా ఉండాదని ఆర్నెల్లుగా పండ్లు తోమేదే మానేసినాను."

చిత్తూరు తీసుకెళ్ళాను. డాక్టరు పంటి చిగురు నొక్కితే చీము వచ్చింది.

"తోమినందుకు కాదప్పా, పాచి పట్టి చిగురు చెడినందుకు నెత్తురొచ్చింది. మానేసి ఇంకా ముదరబెట్టినావు."

"పండ్లకు పుచ్చు లేదు గదా సామీ."

డాక్టరు ముందరి పన్ను పట్టుకున్నాడు. పుచ్చు మచ్చైనా లేని పన్ను, లాగకుండానే చేతిలోకొచ్చింది.

ఇంటికొచ్చి మగ్గం ముందు కూర్చున్నారు. నూలు నోటిదాకా తీసుకెళ్ళి ఆగారు. నా వైపు చూడకుండా అడిగారు.

"కత్తెర యాడుండాదమ్మా?"