మూడో ప్లగ్గు

మా ఆయనకు కిడ్నీలు పాడైన ఏడాదే మా కారు ఇంజన్‌కు మిస్సింగ్ మొదలైంది. ఆ రెండింటికీ సంబంధం ఉందని అప్పుడెవరైనా అని ఉంటే వాళ్లను గడప తొక్కనిచ్చేదాన్ని కాదు. ఇప్పుడు ఆయన లేడు, కారు ఉంది. తాళం తిప్పగానే మారు మాట లేకుండా స్టార్టవుతుంది. అది అంత బుద్ధిగా నడుస్తుంటే నాకు ఒక్కోసారి ఒళ్లు మండుతుంది.

మాది రామన్నపేట దగ్గర చిన్న ఊరు. పుట్టిల్లూ మెట్టినిల్లూ రెండూ మగ్గం మీద బతికినవే. నేను ఇప్పటికీ చిటికీ కడతాను. అంటే రంగులో ముంచే ముందు డిజైన్ ప్రకారం నూలుకు గట్టిగా ముడులు వేయడం. ఆయనకు మాత్రం మగ్గం గుంతలో కాళ్లు పెట్టుకుని పొద్దంతా ఒక్కచోట కూర్చోవడం చేతకాలేదు. తెలంగాణ వచ్చిన కొత్తలో ఎవరో వాడి వదిలేసిన తెల్ల పెట్రోలు కారు కొని, కిరాయికి యాదగిరిగుట్టకు జనాన్ని తీసుకెళ్లడం మొదలుపెట్టాడు. మా ఆడబిడ్డ ఆ కారును నాకు సవతి అనేది. నేను కాదనేదాన్ని కాను. నాకు జ్వరమొస్తే గోలీ తెచ్చి చేతిలో పెట్టి పోయేవాడు. దానిలో చిన్న చప్పుడు వినబడితే అన్నం ముందు నుంచి లేచేవాడు.

స్వాతి నరసింహస్వామి పుట్టిన నక్షత్రం. నెలనెలా ఆ రోజున గుట్ట కింద కారుకు పూజ చేసేవాడు. అందరూ చక్రాలకు పసుపు పూసి ఊరుకుంటే ఈయన బానెట్ ఎత్తేవాడు. "టైర్లదేముందే, అరిగితే మారుస్తం. పానం గీడుంటది" అని ఇంజన్‌కు పసుపూ కుంకుమా పెట్టి, పక్కన రాయి మీద కొబ్బరికాయ కొట్టి, నీళ్లు గ్లాసులో పట్టి సగం తను తాగి సగం నాకు తెచ్చేవాడు. ఇంటికి వచ్చేసరికి అవి వెచ్చబడి ఉండేవి. అయినా తాగేదాన్ని.

తర్వాత కాళ్లు వాచాయి, ముఖం ఉబ్బింది. నల్లగొండ దవాఖానలో పరీక్షలు చేసి, రెండు కిడ్నీలూ పనిచేయడం లేదని, ఇక రోజు విడిచి రోజు డయాలసిస్ చేయించుకోవాలని చెప్పారు. మిషన్ మీద నుంచి లేచాక ఆయనకు కళ్లు తిరిగేవి. బస్సులో నిలబడే ఓపిక లేదు. ప్రతిసారీ కిరాయి బండి పెట్టుకునే స్థితి మాకు లేదు. అందుకని నడివయసులో నేను డ్రైవింగ్ నేర్చుకున్నాను. నేర్పింది ఆయనే. మా అత్త నన్ను ఎన్నడూ తిట్టనన్ని తిట్లు ఆ నెలలో పక్క సీట్లో కూర్చుని ఆయన తిట్టాడు. "క్లచ్చు మీద కాలు తియ్యవే, అది మగ్గం కాదు" అనేవాడు. నేను కూడా ఊరుకోలేదు. ఒకసారి నడిరోడ్డు మీద కారు ఆపి, దిగి, "నువ్వే నడుపుకో" అని చేను గట్టు మీద కూర్చున్నాను. ఆయన స్టీరింగ్ వైపు చూశాడు. ఆ చూపుకు నేనే లేచి వచ్చాను.

అప్పుడే మొదలైంది ఆ మిస్సింగ్. బాగానే పోతూ పోతూ కారు దగ్గు వచ్చినట్టు కుదిపేది. ఎత్తు గడ్డ ఎక్కేటప్పుడు మరీ ఎక్కువ. ఎంత తొక్కినా ముందుకు గుంజేది కాదు. కొన్నాళ్లు అలా సతాయించి, దానంతటదే సర్దుకుని, అంతా బాగైందనుకునే లోపు మళ్లీ మొదలుపెట్టేది. చౌరస్తా దగ్గరి మెకానిక్ ప్లగ్గులు మార్చాడు, కరెంటు వైర్లు మార్చాడు, పెట్రోలు ఫిల్టరు మార్చాడు. బాగు చేసిన ప్రతిసారీ బాగయ్యేది. నెల తిరిగేసరికి మళ్లీ అదే దగ్గు. ఒకసారి అతను, "అక్కా, లోపలికి నీళ్లు పోతున్నట్టున్నయి. కడిగేటప్పుడు జర చూసుకో" అన్నాడు. నాకు ఎక్కడలేని కోపం వచ్చింది. కారును నేను తడిబట్టతో తుడుస్తాను తప్ప పైపు పెట్టి కడిగిన పాపాన పోలేదు. "నీకు రోగం దొరక్కపోతే నా మీద పెట్టకు" అని గట్టిగా అనేసి వచ్చాను.

ఒక పొద్దున నార్కట్‌పల్లి దాటాక కారు పూర్తిగా ఆగిపోయింది. అంతకు ముందు రోజు ఆయన ఒళ్లు బాగాలేక మిషన్‌కు పోలేదు. లోపల నీళ్లు పేరుకుని పడుకుంటే ఊపిరి ఆడడం లేదు. వెనక సీట్లో నిటారుగా కూర్చుని, ముందు సీటును రెండు చేతులా పట్టుకుని, నోటితో గాలి పీల్చుకుంటున్నాడు. నేను రోడ్డు మీద నిలబడి వచ్చిన ప్రతి బండికీ చెయ్యెత్తుతూ, మధ్యమధ్య వచ్చి తాళం తిప్పి చూస్తున్నాను. అంత కష్టంలోనూ ఆయన, "మళ్ల మళ్ల సెల్ఫ్ కొట్టకు, బ్యాటరీ దిగుతది" అని కిటికీలోంచి చెబుతున్నాడు. చివరికి కూరగాయల ఆటో ఒకటి ఆగింది. టమాట పెట్టెల మధ్య ఆయన్ను కూర్చోబెట్టుకుని నల్లగొండ చేరాం. ఆయన ఊపిరి సర్దుకున్నాక దవాఖాన వరండాలో కూర్చుని నేను ఏడ్చాను. ఈ మనిషి రోగంతో పోతే అది మా రాత. కారు ఆగిపోయి, నా చేతుల్లో, రోడ్డు మీద పోతాడేమోనన్న భయం మాత్రం ఆ రోజు నుంచి నన్ను వదల్లేదు.

మెకానిక్ కారును లాక్కొచ్చి తుడిచి, ఊది, మళ్లీ నడిపించాడు. మళ్లీ నెల తిరిగింది, మళ్లీ దగ్గింది. ఈసారి ఆయన, "షెడ్డుకు వద్దు. మనమే చూద్దాం" అన్నాడు. వాకిట్లో నీడ పట్టున కుర్చీ వేయించుకుని, తువ్వాల భుజాన వేసుకుని కూర్చున్నాడు. జబ్బు చేశాక అంత హుషారుగా ఆయన్ను చూడడం అదే మొదలు. ఇంజన్ నడుస్తుండగా నేను రబ్బరు చెప్పులు వేసుకుని, పొడిబట్ట మడతపెట్టి పట్టుకుని నిలబడ్డాను.

"ప్లగ్గు మీది వైర్లు ఒక్కొక్కటి గుంజు. ఏది గుంజితే సప్పుడు మారదో గదే దొంగ" అన్నాడు.

మొదటిది లాగితే ఇంజన్ గజగజలాడింది. పెట్టేశాను. రెండోది లాగినా అంతే. మూడోది లాగాను. ఇంజన్‌కు చీమ కుట్టినట్టు కూడా లేదు. అంటే అది అప్పటికే పని మానేసిందన్నమాట. ఆయన కళ్లు మూసుకుని వింటూ చెయ్యెత్తి, "దొరికింది" అన్నాడు. ఇంజన్ ఆపించి, మూడో ప్లగ్గు తీసి ఒకటో దాంట్లో, ఒకటోది మూడో దాంట్లో పెట్టించాడు. వైర్లు కూడా అటుదిటు చేయించాడు. మళ్లీ స్టార్ట్ చేసి చూస్తే, అప్పుడూ పని మానేసింది మూడో చోటే. ప్లగ్గుదీ కాదు, వైరుదీ కాదు.

"అయితే గుంతల ఉన్నది రోగం. లోపటికి చూడు" అన్నాడు.

ఆ ఇంజన్‌లో ప్లగ్గులు పైనుంచి లోతైన గుంతల్లో ఉంటాయి. ఇంజన్ ఆపి ఫోను లైటు వేసి చూస్తే అడుగున ఏదో మెరిసింది. పుల్లకు నూలు చుట్టి లోపలికి దించి తీశాను. తడిగా, జిగటగా, ఎర్రగా వచ్చింది. తుప్పు అని ఎవరైనా అనుకుంటారు. నేను రంగుల మధ్య పుట్టి పెరిగినదాన్ని. తుప్పు ఎరుపు వేరు, ఇది వేరు. ఇది కుంకుమ. ముక్కు దగ్గర పెట్టుకుంటే పులిసిన కొబ్బరి వాసన వచ్చింది.

"ఏందయ్యా ఇది?" అని పుల్ల ఆయన చేతికిచ్చాను.

ఆయన వాసన చూశాడు.

"నేనే పోసిన" అన్నాడు.

"ఏం పోసినవ్?"

"కాయ నీళ్లు. స్వాతి నాడు."

గుట్టకు పోలేని రోజులు వచ్చాక ఆయన ఆ పూజ ఇంటి ముందే చేసుకునేవాడు. ఆ సంగతి నాకు తెలుసు. కానీ ఆ సమయానికి నేను బయటికి వచ్చేదాన్ని కాదు. ఎందుకంటే, డయాలసిస్ మొదలుపెట్టిన రోజే అక్కడి నర్సమ్మ, "నీళ్లు కొలిచి తాగాలె. కొబ్బరినీళ్లయితే ముట్టనే ముట్టొద్దు, గుండె ఆగుతది" అని గట్టిగా చెప్పింది. ఆ తర్వాత వచ్చిన మొదటి స్వాతినాడు ఆయన కాయ కొట్టి గ్లాసు నిండా నీళ్లు పట్టి నాకు తెచ్చాడు. పెదాలు ఎండి పగిలిపోయిన మనిషి, పొద్దంతా తడిబట్ట అద్దుకుంటూ గడిపే మనిషి, ఆ గ్లాసు నాకు ఇవ్వబోయాడు. "నువ్వు తాగనివి నా గొంతు దిగుతయా?" అని దాన్ని తోసేసి లోపలికి వెళ్లిపోయాను. ఇక అప్పటి నుంచి ఆ రోజు వస్తే నేను మగ్గం ఇంట్లోనే ఉండిపోయేదాన్ని. నీళ్లు ఏం చేస్తున్నాడని ఎన్నడూ అడగలేదు.

"కింద పొయ్యరాదా?" అన్నాను.

"దేవుని నీళ్లు. నలుగురు తొక్కే కాడ ఎట్ల పోస్త? నన్ను తాగొద్దంటిరి. నువ్వు తాగకపోతివి. గందుకే నా బండికి తాపిన."

నాకు నవ్వాలో తిట్టాలో తెలియలేదు. తిట్టడమే నా నోటికి అలవాటు. "నీ బండి పాడుగాను, ఆ తొవ్వల ఊపిరాడక సచ్చిపోయేటోనివి, తెలుసా?" అని అరిచాను. "తెల్వక చేసిన గదనే" అన్నాడు చిన్నగా. అరుస్తూనే నేను ఆయన కాళ్ల దగ్గర కూలబడి ఏడ్చాను. ఆయన నూనె మరకల నా చేయి పట్టుకుని తువ్వాలతో తుడుస్తూ తనూ ఏడ్చాడు. అప్పుడు నాకు ఆయన మీద కలిగిన ప్రేమ, మా పెళ్లినాడు కూడా కలగలేదు.

గుంత శుభ్రంగా తుడిచి, పెట్రోలు బట్టతో కడిగి, ఆరబెట్టి ప్లగ్గు బిగించాను. ఆ తర్వాత ఆ కారు మళ్లీ దగ్గలేదు. మెకానిక్‌కు జరిగింది చెప్పి, ఆనాడు ఊరికే నోరు పారేసుకున్నానన్నాను. నవ్వుతాడనుకున్నాను. అతను నవ్వలేదు, తల వంచుకుని పానా తుడుచుకుంటూ ఉండిపోయాడు.

కారు కుదుటపడింది. మనిషి కుదుటపడలేదు. మిషన్ మీద ఉండగా బీపీ పడిపోవడం మొదలైంది. దారి పొడుగునా ఇంజన్ చప్పుడు వింటూ, "మంచిగ నడుస్తాంది" అని మాత్రం ప్రతిసారీ అనేవాడు.

తర్వాత వచ్చిన స్వాతే ఆయన చూసిన చివరిది. ఆ రోజు నేను మగ్గం ఇంట్లోకి పోలేదు. ఆయన్ను నడుము దగ్గర పట్టుకుని నిలబెట్టాను. కాయ కొట్టడానికి బలం చాలక మళ్లీ మళ్లీ కొట్టాడు. పగిలాక నీళ్లు గ్లాసులో పట్టి నా వైపు చాపాడు.

"ఇగ తాగు. లేకుంటే మళ్ల దానికే పోస్త" అన్నాడు.

తాగాను. నేను మింగుతున్నంతసేపూ ఆయన నా గొంతు వైపే చూస్తూ నిలబడ్డాడు. ఆయన నాలుక ఎండి పెదాలకు అంటుకుంటోంది. ఆపేద్దామనుకున్నాను కానీ ఆపితే ఆయన ఒప్పుకోడు. మొత్తం తాగేశాను.

"తియ్యగున్నయా?" అని అడిగాడు.

అంత తియ్యటి నీళ్లు నేను ఎన్నడూ తాగలేదు.

"ఏం తీపి? సప్పగ, ఉప్పుప్పగ ఉన్నయి. గిసోంటి కాయ ఏడ తెచ్చినవయ్యా?" అన్నాను.

ఆయన గ్లాసు తీసుకుని లోపలికి చూశాడు. అడుగున మిగిలిన చుక్కను వేలితో తీసి, నోటికి కాకుండా కళ్లకు అద్దుకున్నాడు.

"అయితే మంచిదే. నాకు పోయిందేం లేదు" అన్నాడు.