కింద పడ్డ గోంగూర ఆకు

మా అల్లుడుగారు పోయిన మంగళవారం పొద్దున్నే ఇక్కడ అమెరికాలో, నోవై ఊళ్లో ప్రభువునందు నిద్రించారు. నేను కన్నది కూతురినే. అయినా పోయింది నా బిడ్డే. నా చదువు ఐదో క్లాసు, తప్పులుంటే సర్దుకుని చదవండి.

ఆయన ఇంగ్లండ్ మనిషి. బొమ్మలు వేయడమే ఆయన పని. పొలాలు, చెరువులు, మంచు పడ్డ రోడ్లు వేసేవారు. పనిలో ఉన్న మామూలు మనుషుల్నీ వేసేవారు. మా తెలుగు చర్చి కింది హాల్లో బిర్యానీ వడ్డించే ఆడవాళ్లను వేస్తే, ఒకావిడ పోట్లాటకు వచ్చింది. "నన్నింత లావుగా వేశారేంటండీ!"

"బిర్యానీ బాగుందండి, అందుకే" అన్నారు ఆయన, వచ్చీరాని తెలుగులో. ఆవిడే ముందు నవ్వింది.

చలికాలంలో రోడ్డు పక్కన కారు ఆపి, అద్దం దించుకుని, వేళ్లు కొంకర్లు పోతున్నా వేసేవారు. "మంచు తెల్లగా ఉండదు అత్తయ్యా, చూడండి" అనేవారు. చూస్తే నిజమే, చెట్ల నీడల్లో నీలం.

నన్ను వేయాలని ఆయన కోరిక. మా వైపు అల్లుడి ఎదుట అత్తగారు కూర్చోదు. వంటింట్లో గోంగూర ఒలుస్తూ ఉంటే ఆయన స్టూలు, రంగులు తెచ్చుకునేవారు, నేను లేచి నిలబడేదాన్ని.

"మళ్లీ లేచారా!"

పట్టుచీర కట్టుకుని నిలబడతానంటే ఒప్పుకునేవారు కాదు. కింద పడ్డ ఆకు ఊడవబోతే, "ఉంచండి అత్తయ్యా, అదీ బొమ్మలో ఉండాలి" అని ఆపేవారు.

తర్వాత ఆయనకు జబ్బు చేసింది. అది ముదిరి చెయ్యి వణకడం మొదలైంది. "ఆయనకిక టైమ్ లేదమ్మా. ఒక్కసారి కూర్చో" అంది మా అమ్మాయి. కూర్చున్నాను. సిగ్గుతో తల ఎత్తలేకపోయాను.

"థాంక్యూ అత్తయ్యా."

"మీ పని కానీయండి బాబూ."

బొమ్మలో నా చేతులు అయ్యాయి, గోంగూర అయింది, కింద పడ్డ ఆకు కూడా అయింది. ముఖం కాలేదు. భూస్థాపన అయ్యాక, "వేరే ఆర్టిస్ట్‌తో ఫినిష్ చేయించనా అమ్మా?" అని అమ్మాయి అడిగింది. వద్దన్నాను. ఆయన చూసినంతవరకు ఆయన వేశారు, అది చాలు.

ఇవాళ మళ్లీ గోంగూర ఒలిచాను. ఎదురుగా ఆయన స్టూలు అలాగే ఉంది. నేను కుర్చీలోంచి లేవలేదు. ఆకొకటి జారి కింద పడింది. చీపురు తియ్యలేదు.