దిష్టి నీళ్ల ఎరుపు

ములకలపల్లి దగ్గర అడవి అంచు బడిలో సైన్స్ చెప్తాను. ఆ రోజు పదో తరగతికి ఆవర్తన పట్టికలో మూడో వరుస పాఠం. మెగ్నీషియం కాల్చిన బూడిద కలిపిన నీళ్లలో పసుపు కాగితం ఎర్రబడింది. గంధకం పొగ పట్టిన నీళ్లలో మారలేదు. "మొదటిది క్షారం, రెండోది ఆమ్లం. సున్నం కూడా క్షారమే" అన్నాను హుషారుగా.

స్వరూప లేచింది. "టీచర్, దిష్టి నీళ్లల్ల పసుపు, సున్నమే కదా. దిష్టి లేకున్నా ఎర్రగైతయా?"

"అవ్, ఎప్పుడైనా" అని నవ్వాను.

"తమ్మునికి జరమొస్తే మా నాయనమ్మ దిష్టి తీసింది. నీళ్లు ఎర్రగైనయి, దిష్టి దిగింది, ఇగ దవాఖానా ఎందుకన్నది."

వాడు ఆ జ్వరంతోనే పోయాడు. "ఈ సంగతి నాయనమ్మకు చెప్పకు బిడ్డా" అన్నాను.

మా ఇంట్లో అత్తమ్మ ఇప్పటికీ పాపకు దిష్టి తీస్తుంది. నీళ్లు ఎర్రబడగానే నా చెయ్యి పాప నుదుటి మీదికి పోతుంది, ఒళ్లు కాలుతోందేమోనని.